నాలుగో గ్రీన్, మా అత్త పుర్రచెయ్యి

మొన్న శనివారం మీ ఆఫీసు వాళ్ల విందుకని నన్ను కారెక్కించి శామీర్‌పేట అవతల గోల్ఫ్ మైదానానికి తీసుకెళ్లావు గదా కీర్తనా, అక్కడ నేను చెప్పులు విడిచి, గడ్డి మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటే నీకు సిగ్గనిపించింది. నాకు తెలుసు. "అవ్వా, లే జల్దీ, గా సెక్యూరిటీ అన్న సూస్తుండు" అని చెవిలో గొణిగావు. అతను రానే వచ్చాడు. "అమ్మా, గీడ కూసోవద్దు, గ్రీన్ కరాబైతది" అన్నాడు. నాకు కోపం రాలేదు, సంబరమనిపించింది. ఆ మాట మా అత్త దీనమ్మ అనేది, ఎదురుగా ఉన్నది కూలీనా, సూటు వేసుకున్న సారా అని చూడకుండా. నువ్వు నన్ను చెయ్యి పట్టి లేపిన ఆ చోటు నాలుగో గ్రీన్. దాని మొదటి గడ్డిని పోచ పోచగా నాటిన చేతుల్లో రెండు నావి. ఇంటికి వచ్చాక ఆ ముచ్చట చెప్పు, రాసుకుంటానన్నావు. సరే, రాసుకో. ఫోనులో రికార్డు చేస్తానంటే మాత్రం చెప్పను, ఆ ఎర్రచుక్క వెలిగితే నాకు నోట మాట రాదు.

గ్రీన్ అంటే ఏమిటో ముందు రాయి, చదివేవాళ్లకు తెలియాలి. గోల్ఫ్ మైదానమంతా గడ్డే. కానీ బంతిని చివరికి పడేసే గుంట ఒకటి ఉంటుంది, చిన్న చెంబు పట్టేంత. ఆ గుంట చుట్టూ ఉన్న నున్నటి చోటే గ్రీన్. అక్కడ గడ్డి బియ్యపు గింజంత ఎత్తు కూడా ఉండదు, ఇస్త్రీ చేసిన దుప్పటి పరిచినట్టు ఉంటుంది. బంతి దాని మీద దొర్లాలి, ఎగరకూడదు, ఆగకూడదు, పక్కకు పోకూడదు. అందుకే ఆ కాస్త చోటుకు చేసే చాకిరీ పసిపిల్లకు కూడా చెయ్యరు.

మాకు అదంతా ఏం తెలుసు? నేను కోడలిగా వచ్చినప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా ద్రాక్షతోటలు. గుత్తులు కత్తిరించే పనికి పోయేదాన్ని. సాయంత్రం ఇంటికొస్తే చేతులకు తీపివాసన, మందువాసన కలిసి అంటుకుని ఉండేవి, సబ్బుతో రుద్దినా అన్నంలోకి వచ్చేవి. తర్వాత బోర్లు ఎండిపోయాయి. తోటలు పీకేశారు, పందిళ్లకు నాటిన రాతి కడ్డీలు కూడా పెరికి అమ్ముకున్నారు. వరినాట్లు అంతకంతకూ తగ్గిపోయాయి. ఏ పని దొరుకుతుందా అని చూస్తున్న రోజుల్లోనే, గడ్డి నాటడానికి ఆడకూలీలు కావాలని కబురొచ్చింది. మా వాడ యాదమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "పుట్టినకాడికెల్లి గడ్డి పీకుడే పనాయె. ఇప్పుడు గడ్డి నాటుమంటున్రు. గీళ్లకేమన్న పిచ్చి లేసిందా?" మా అత్త నవ్వలేదు. కొంగు నడుముకు చుట్టి, "పిచ్చోళ్లో తెలివోళ్లో మనకెందుకే. నాటుడైతే నాటుడే గద. నడువున్రి" అంది.

మా అత్త పొట్టి మనిషి, సన్నం. కానీ నడిస్తే మేం పరుగెత్తాల్సి వచ్చేది. ఆమెది పుర్రచెయ్యి. నాట్లలో వరుసలో నిలబడితే పక్కదాని మోచేతికి ఆమె మోచెయ్యి కొట్టుకునేది, అందుకని ఎప్పుడూ చివరి సాలు ఆమెకే ఇచ్చేవాళ్లు. చర్చిలో కానుకపెట్టెలో ఎడమచేత్తో వేసిందని ఎవరో ముసలామె తిడితే, "గీ చెయ్యి కూడ ఆయన ఇచ్చిందే గద" అని కూర్చుంది. తెల్లవారకముందే లేచి కట్టెలపొయ్యి మీద జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే నేను లేచేదాన్ని. రొట్టె కాలే వాసన, వెల్లిపాయ కారం నూరిన వాసన, ఆమె నమిలే ఆకువక్క వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు పొద్దు పొడిచినట్టు. సద్ది మూట కట్టాక పొయ్యి దగ్గరే నిలబడి కళ్లు మూసుకునేది. పెద్ద ప్రార్థన ఏం కాదు. "ప్రభువా, గా గడ్డిని, మా కాళ్లను నువ్వే సూస్కో" అనేది. నాలుగు రోజులకే ఆమె ప్రార్థనలోకి గడ్డి వచ్చేసింది చూడు.

అక్కడ మాకు సారు పొన్నప్ప. కూర్గు మనిషి, పెద్ద మీసం, ఎండకు మాడిన ముఖం, తెలుగు విరిచి విరిచి మాట్లాడేవాడు. ఆయన మొదటిరోజు గ్రీన్ చూపిస్తే మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మట్టే లేదు. కింద కంకర, నీళ్లు పోవడానికి పైపులు, పైన జల్లెడ పట్టిన ఇసుక. "ఇసుకల ఏం పుడ్తది సారూ?" అంది మా అత్త. "పుడుతుంది అమ్మా, నువ్వు పుట్టిస్తే పుడుతుంది" అన్నాడాయన. లారీలో తడి గోనెసంచులు దిగాయి. విప్పితే ఉడకబెట్టిన ఆకుకూర వాసన, లోపల మన గరికలాంటిదే గడ్డి, ఇంకా సన్నది, కణుపు కణుపుకూ తెగ్గొట్టినది. ఎండ తగిలితే గంటలో చస్తుంది, జల్దీ నాటాలి. సారు మనుషులు దాన్ని చల్లి, పైన రోలరు తోలుదామని మొదలుపెట్టారు. చదునున్న చోట బాగానే ఉంది. నాలుగో గ్రీన్ ఏటవాలుగా ఉంటుంది, నీళ్లు కొట్టగానే చల్లినదంతా జారి కిందికి వచ్చింది. మనుషులు దిగితే ఇసుకంతా అడుగుల గుంటలు. సారు టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

మా అత్త ఎవరినీ అడగలేదు. సెంట్రింగ్ వాళ్ల దగ్గర రెండు చెక్కపలకలు తెచ్చింది. ఒకదాని మీద కూర్చుని, వేలితో ఇసుకలో బొక్క చేసి, పోచ పెట్టి, నొక్కింది. ముందరంతా నిండాక వెనక పలక మీదికి జరిగి, ముందరి పలక తీసి, దాని కింద నలిగిన ఇసుకను అరచేత్తో సర్ది అక్కడా నాటింది. నాట్లలో వెనక్కి నడిచినట్టే, కాకపోతే అడుగు కనబడకుండా. సారు కాసేపు చూశాడు. "అందరూ ఇట్లనే చెయ్యండి" అన్నాడు. ఆ రోజు నుంచి వరుసలో చివరి సాలు ఆమెది కాదు, మధ్యన ఆమె, అటూ ఇటూ మేము. మిగిలిన గడ్డిని పారేస్తామంటే ఒప్పుకోలేదు. పంపు షెడ్డు వెనక చిన్న మడి చేసి అందులో గుచ్చింది. "నారుమడి లేకుంట నాట్లు ఎట్లైతయి సారూ? రేపు యాడన్న సస్తే ఏం జేస్తవ్?" అంది. సారు నవ్వి సరేనన్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను మా అత్తను చూసిన చూపు వేరు. ఇసుక మీద పోచ తీగ సాగి, కణుపు దగ్గర వేరు దిగి, పక్క తీగను అందుకునే దాకా రోజుకు ఎన్నిసార్లో కొంచెం కొంచెం నీళ్లు కొట్టాలి. ఎక్కువైతే కుళ్లు, తక్కువైతే ఎండు. యంత్రం కొట్టిన నీళ్లు అందని చోటు ఆమెకు పాదాలతో తెలిసేది. చెప్పులు లేకుండా నడిచి, "గీడ ఉడుకుగున్నది, పైపు తే" అనేది. ఇక కలుపులో తుంగ సంగతి. తుంగను లాగితే ఆకు వస్తుంది, గడ్డ లోపలే ఉండి వారానికి నాలుగు పుడతాయి. ఆమె పాత గొడుగు పుల్లను రాయి మీద నూరి, పక్క గడ్డి కదలకుండా గుచ్చి, గడ్డతో సహా తీసి నాలుక మీద పెట్టుకున్నంత జాగ్రత్తగా డబ్బాలో వేసేది. మొదటిసారి కోతమిషను తోలిన రోజు వచ్చిన పచ్చివాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. యాదమ్మ కూడా ఆ రోజు నవ్వలేదు. "అక్కా, గిది గడ్డి కాదే, మఖ్మల్ గుడ్డ" అంది.

సారు అన్ని గ్రీన్లూ తిరగాలి గనక, పొద్దున్నే ఆ రోజు పని ఒక చీటీ మీద ఆఫీసు గుమాస్తాతో తెలుగులో రాయించి మా అత్తకు ఇచ్చేవాడు. ఆమెకు అక్షరం రాదు. నేను ఏడో తరగతి దాకా చదివాను. చీటీ తీసి నా చేతికిచ్చి, "సదువు మార్తా" అనేది. నేను చదివేదాన్ని. పదిమంది ఆడవాళ్లు చుట్టూ నిలబడి వినేవాళ్లు. నాకెంత గీరగా ఉండేదో దాచడం ఎందుకు. విన్న తర్వాత ఆమె చీటీని మడిచి ఆకువక్క సంచిలో పెట్టుకునేది. ఒక్కటీ పారేసేది కాదు.

వానలు వెనకపట్టాయి. క్రిస్మస్ ముందు మైదానం తెరుస్తారని, పెద్దపెద్దవాళ్లు వచ్చి ఆడతారని చెప్పారు. అప్పుడే ఎరువు చల్లే బండి చక్రం విరిగింది. కోతమిషను బ్లేడ్లు కూడా పోయాయి. అవి తేవడానికి సారు బెంగళూరు పోతూ చీటీ రాయించి పోయాడు. నేను చదివాను. ఇసుకలో ఇంత యూరియా కలిపి నాలుగో గ్రీన్ మీద చేత్తో చల్లాలి, అని ఉంది. చల్లిన వెంటనే నిండుగా నీళ్లు కొట్టాలి, అని ఉంది. అక్కడ నేను ఆగాను.

ఎందుకు ఆగానో చెప్తే నువ్వు నవ్వుతావు. మా పొలాల్లో వరికి యూరియా వేసే ముందు మడిలో నీళ్లు తీసేస్తాం, వేశాక ఒక రోజు ఆగి మళ్లీ పెడతాం. వెంటనే నీళ్లు పెడితే బలమంతా కొట్టుకుపోతుంది. ఇది పసిపిల్లకు కూడా తెలుసు. కుర్చీలో కూర్చునే గుమాస్తాకు సేద్యం ఏం తెలుసు, తప్పు రాశాడు అనుకున్నాను. మా అత్త నా ముఖం చూస్తోంది. "ఏం రాసిండు?" అంది. "నీళ్లు రేపు పెట్టుమన్నడు అత్తమ్మా" అన్నాను. రాసిన దాన్ని దిద్ది చదివాను. అబద్ధమాడుతున్నానన్న ఊహే నాకు లేదు. మంచి చేస్తున్నాననుకున్నాను.

మా అత్త నడుముకు గుడ్డ కట్టుకుని ఎడమచేత్తో చల్లింది. ఎంత అందంగా చల్లేదో, చెయ్యి తిప్పితే వడ్లు అలికినట్టు సమానంగా పడేది. నీళ్ల వాల్వు దగ్గర కాపలా నేనే. ఆ రోజు ఎండ బాగా కాసింది. వాల్వు ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున నాలుగో గ్రీన్ మీద ఎర్రగా వంపులు లేచాయి. చెయ్యి తిరిగిన చోటల్లా, నెలవంక లాగా, ఒకదాని వెనక ఒకటి. నీళ్లు పడని యూరియాకు గడ్డి కాలిపోయింది. యాదమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ మరుసటి రోజు సారు వచ్చేసరికి వంపులు ఇంకా ముదిరాయి. సూపర్‌వైజరు మల్లేశానికి మా అత్త మాట చెల్లడం ముందు నుంచీ గిట్టదు. గ్రీన్ చుట్టూ తిరిగి, చేత్తో గాలిలో విసిరి చూపించాడు. "సార్, కుడిచేతోళ్లు ఇసిరితే వంపు గిట్లుంటది. గిది ఉల్టా ఉన్నది. పుర్రచెయ్యిది. ముసలామె పని." సారు ఆమె వైపు తిరిగాడు. "దీనమ్మా, నువ్వే చల్లినావా?" అన్నాడు. "నేనే సారూ." "నీళ్లు ఎందుకు కొట్టలేదు? రాసి ఇచ్చినాను కదా?" మా అత్త నా వైపు చూడలేదు. నేలనే చూస్తూ, "తప్పైంది సారూ" అంది. నేను పక్కనే ఉన్నాను. సారు వంగి కాలిన పోచ ఒకటి పీకి చూశాడు. "ఇక నువ్వు గ్రీన్ల మీదికి రావద్దు" అన్నాడు.

ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. కొడవలి ఇచ్చి ప్రహరీ గోడ అవతల ముళ్లకంప కొట్టే పనికి పంపారు. ఆమెకు అంతకన్నా తీసెయ్యడమే నయం. రెండు రోజులు అదే. పొద్దున రొట్టెలు కొట్టే చప్పుడు వినబడేది, ప్రార్థన వినబడేది కాదు. నా మీద ఒక్క మాట లేదు. "కారం సాలిందా?" అని మాత్రం అడిగేది. నేను గ్రీన్ మీద తుంగ తీస్తూ ఉంటే గోడ అవతల కొడవలి దెబ్బలు వినబడేవి. ఆమె నాటిన గడ్డి మీద నేను, ముళ్లలో ఆమె. మూడో రోజు ఆ చప్పుడు భరించలేకపోయాను. గొడుగు పుల్ల చేతిలో ఉండగానే సారు దగ్గరికి పోయాను.

"సారూ, చీటీల రాసింది అత్తమ్మకు నేను సదివి చెప్పలే. నీళ్లు రేపు పెట్టుమన్నవని చెప్పిన. మా తాన వరికి గట్లనే జేస్తం. మీరు తప్పు రాసిన్రనుకున్న." అంతా ఒక్క గుక్కలో అనేశాను. చుట్టూ అందరూ ఉన్నారు. మల్లేశం అందుకున్నాడు: "గట్లైతే ఇద్దర్నీ ఎల్లగొట్టున్రి సార్." సారు నన్నే చూస్తున్నాడు. "నాకంటే తెలిసిన మనిషి నాకు వద్దమ్మా. రాసింది చదివే మనిషి కావాలి" అన్నాడు. ఆ మాట కొరడా తగిలినట్టు తగిలింది. తర్వాత ఆయనే గోడ దాకా నడిచి పోయాడు. మేమంతా వెనక పోయాం. "దీనమ్మా, కోడలు చెప్పింది. నువ్వు ఎందుకు చెప్పలేదు?"

మా అత్త కొడవలి కింద పెట్టి, సంచిలోంచి ఆ చీటీ తీసింది. "గ్రీన్ కాలిన్నాడే పాస్టరమ్మతోని సదివిపిచ్చిన సారూ. నాకెర్కనే." ఇన్ని రాత్రులు నా పక్కన పడుకుని, నాకు అన్నం పెట్టి, ఆమెకు అంతా తెలుసు. "మరి?" అన్నాడు సారు. "అది చెప్పాలె గని నేనెట్ల చెప్త? నేను చెప్తె అది దొంగైతది. అదే చెప్తె మనిషైతది. సూస్తున్న, ఎప్పుడు చెప్తదా అని." మల్లేశం ఏదో అనబోతే అతని వైపు తిరిగింది. "దాన్ని పంపుతవా? గిన్ని బొక్కలు ఎవరు పూడుస్తరు? నువ్వు కూసుంటవా మోకాళ్ల మీద?" యాదమ్మ కిసుక్కున నవ్వింది. సారు కూడా మీసం కింద నవ్వాడనుకుంటాను. "తెరిచే రోజుకు నాలుగో గ్రీన్ బాగుపడకపోతే ఇద్దరూ పోతారు" అని వెళ్లిపోయాడు.

ముందు నీళ్లు పట్టి మిగిలిన ఎరువును ఇసుక అడుక్కి దింపాం. వేరు బతికున్న చోట్ల నెమ్మదిగా పచ్చ తిరిగింది. పూర్తిగా చచ్చిన చోట్ల అంచు నూరిన ఇనుప పైపు ముక్కతో గుండ్రంగా కోసి తీసేశాం. అప్పుడు పనికొచ్చింది పంపు షెడ్డు వెనక ఆమె నారుమడి. అదే పైపుతో అక్కడి గడ్డిని బిళ్లలు బిళ్లలుగా తీసి ఇక్కడి గుంటల్లో దిగేసి, మడమతో నొక్కి, సందుల్లో ఇసుక పోశాం. బిళ్ల వెంట్రుకవాసి ఎత్తున్నా బంతి ఎగురుతుంది. మా అత్త బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒక్క కన్నుతో చూసేది. "గిది తియ్యి, మల్ల పెట్టు." తీసేదాన్ని, మళ్లీ పెట్టేదాన్ని. నెల రోజులు నా మోకాళ్లకు తోలు లేదు. ఒక్కసారి కూడా అయ్యో అనలేదు ఆమె. ఒక్కసారి కూడా దెప్పలేదు.

తెరిచిన రోజు మమ్మల్ని అటు రావద్దన్నారు. పంపు షెడ్డు సందులోంచి చూశాం. తెల్లప్యాంటు పెద్దాయన ఒకాయన పైనుంచి మెల్లగా కొట్టాడు. బంతి మా బిళ్లల మీదుగానే వచ్చింది. మా అత్త నా మణికట్టు పట్టుకుంది, గాజు విరిగేంత గట్టిగా. బంతి ఎక్కడా ఉలిక్కిపడలేదు, గుంట పక్క నుంచి దొర్లి ఆగింది. పెద్దాయన గుంట తప్పినందుకు తల కొట్టుకుంటున్నాడు. ఇక్కడ మా అత్త కళ్లు తుడుచుకుంటోంది.

మొన్న నువ్వు చూపించావు, ఇప్పుడు నీళ్లు కూడా ఫోనులో వదులుతారట, ఏ మూల ఎంత తడి ఉందో మిషనే చెబుతుందట. మంచిదే. నేను అరచెయ్యి పెట్టి చూశాను, ఇప్పటి గ్రీన్ మా దానికంటే నున్నగా ఉంది, ఒప్పుకోవాలి. అక్కడి ఆడపిల్లల చేతులకు తొడుగులున్నాయి, అది ఇంకా మంచిది. పేట్ బషీరాబాద్‌లో, బౌరంపేట్‌లో కొత్త ఇళ్ల ముందు అదే గడ్డిని చాపలా చుట్టి తెచ్చి పరుస్తున్నారు, సాయంత్రానికి తోట తయారు. మాకు ఒక గ్రీన్‌కు ఏడాది పట్టింది. కానీ ఒక మనిషి తనంతట తాను నోరు తెరిచే దాకా, తన పేరు పోతున్నా ముళ్లు కొడుతూ ఓపిక పట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. గడ్డిని పెంచినట్టే నన్నూ పెంచింది అని ఇప్పుడు అనిపిస్తుంది.

చివరిది ఒక్కటి రాసి ఆపెయ్. కొత్త సంవత్సరం వచ్చాక నాలుగో గ్రీన్‌కు మళ్లీ ఎరువు వెయ్యాలని సారు చీటీ పంపాడు. ఎరువుబండి ఇంకా బాగుకాలేదు, చేత్తోనే చల్లాలి. అప్పటికి పనిలోకి పది చదివిన ఇద్దరు పిల్లలు చేరారు, ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. మా అత్త చీటీ తీసుకుని ఆ పిల్లలను దాటి వచ్చి నా చేతిలో పెట్టింది. "సదువు మార్తా" అంది. చదివాను. ఉన్నది ఉన్నట్టు, వెంటనే నీళ్లు కొట్టాలి అన్న దాకా. ఆమె తల ఊపి, నడుముకు గుడ్డ కట్టుకుంటూ, "నువ్వు పో, వాల్వు కాడ నిలబడు" అంది. పోయి రెండు చేతులూ చక్రం మీద వేసి నిలబడ్డాను. ఆమె ఎడమచెయ్యి తిప్పుతూ గ్రీన్ ఆ అంచు దాకా పోయి, చివరి పిడికిలి చల్లి, బయటికి అడుగు పెట్టింది. నా వైపు తిరగనైనా లేదు. తిప్పాను.